హనుమత్ప్రసాద్ గారి ఫైబర్ పడవ

అమీర్‌పేట,
9 జనవరి 2000, ఆదివారం

అక్కయ్యకు,

పొద్దున పొగమంచు. తొమ్మిది దాటాక ఎండ వచ్చింది. పడవ మీది టార్పాలిన్ తీసి దులిపి ఎండలో వేశాను. లోపల ఎలుకల గూడు, తుప్పు పట్టిన డబ్బాలు, ఒక చెప్పు ఉన్నాయి. చెప్పు బావది. పారేశాను.

నీ కార్డు అందింది. పడవను మొదట ఎలా ఉండేదో అలా చేసి ఇమ్మన్నావు. ఎందుకో రాయలేదు. చేస్తాను. రిటైరై కాకినాడ వెళ్ళేటప్పుడు బావ నన్ను అడగకుండా సాయిలు ట్రాలీలో వేయించి పంపిన వస్తువు అది. అప్పటినుంచి నా షెడ్డులో సగం దానిదే. మిగతా సగంలో నేను ఫైబర్‌తో ట్యాంకు మూతలు, బాత్‌రూమ్ తలుపులు పోసుకుంటున్నాను.

ఆ పడవ ఏమిటో నీకు తెలియదు గనక రాస్తున్నాను. మద్రాసులో ఒక చిన్న షెడ్డులో అచ్చు పోసినది. ఫైబర్ గ్లాసుతో పడవ చేయవచ్చని ఇక్కడ చాలామంది నమ్మని రోజులు. ఆ షెడ్డు ఎక్కువ కాలం నిలవలేదు. వాళ్ళు చేసినవాటిలో ఇంకొకటి ఎక్కడైనా ఉందేమోనని నాలుగైదు ఊళ్ళకు ఉత్తరాలు రాశాను. ఉందని ఎవరూ రాయలేదు. కర్ర పడవ అయితే పాడైన పలక తీసి కొత్త పలక వేయవచ్చు. ఇది ఒకటే చిప్ప. అటువంటిదాన్ని ఇరిగేషన్ ఆఫీసు వేలంలో తెచ్చుకుని, బావ ఆకుపచ్చ ఆయిల్ పెయింటు కొట్టాడు. పైభాగం రంపంతో కోసి టేకు బల్ల బిగించాడు. ఎడమ పక్క పగిలితే బకెట్టుకి వేసినట్టు అతుకు వేశాడు. అప్పుడే వద్దన్నాను. నువ్వెవరివి చెప్పడానికి, కాలేజీ గడప తొక్కావా అన్నాడు. ఆ తరువాత మేము మాట్లాడుకోలేదు. అది నీకు తెలుసు.

నేను చేయాలంటే మూడు సంగతులు. తొందర పెట్టకూడదు. మీవాడు కేదార్ ఇక్కడే హాస్టల్లో ఉన్నాడు గదా అని వాడిని పంపి అజమాయిషీ చేయించకూడదు. బావ చేర్చినవన్నీ తీసేస్తాను, తరువాత అడగకూడదు.

అచ్యుతరావు


కాకినాడ,
17 జనవరి 2000

అచ్యుతానికి,

ఉత్తరమా అది, మున్సిపాలిటీ నోటీసా? మా బళ్ళో ఆరో తరగతి పిల్లలు సెలవు చీటీ కూడా అంతకన్నా మర్యాదగా రాస్తారు. "బాగున్నావా" అనే ముక్క ఒకటుంటుంది లోకంలో. ఎప్పుడైనా విన్నావా?

రాసినన్ని సార్లూ "బావ" అని రాశావు. బావగారు. పోయినవాడికి గారు తగిలిస్తే నీ పెన్నులో సిరా అయిపోదు. ఆయన చెప్పు పారేశావా? ఒక చెప్పు దొరికితే రెండోది ఎక్కడుందా అని చూస్తాడు మనిషన్నవాడు. నీకు చూడగానే పారేయబుద్ధయింది.

నీ సంగతులు సరే, నా సంగతి కూడా ఒకటి విను. పదకొండో రోజున గుమ్మం దాకా వచ్చి, లోపల అడుగు పెట్టకుండా, విస్తరి ముందు కూర్చోకుండా తిరిగి పోయినవాడివి నువ్వు. పుట్టింటి చీర పెట్టడానికి నాకున్నది నువ్వొక్కడివి. చేతిలో సంచి కూడా ఉందట. ఏముంది అందులో, నీ గరుకు కాగితాలా? ఆ పూట పక్కింటి భూలక్ష్మిగారు తన పెట్టెలోంచి ఒక చీర తీసి నా భుజం మీద వేసింది. ఊరంతా చూశారు. హెడ్‌మిస్ట్రెస్‌కి పుట్టింటివాళ్ళు లేరా అని అటెండరు భార్య అడిగింది. ఉన్నాడు, పడవలు తోముకుంటున్నాడు అని చెప్పి ఉండవలసింది.

మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. మేడ మెట్లు ఎక్కడం మానేశాను. ఇన్‌స్పెక్షన్ వచ్చే వారం. నీకు చెప్పి ఏం లాభం.

ఉగాదికి రెండు రోజుల ముందు పడవ తయారుగా ఉండాలి. తళతళలాడాలి. ఎందుకో అడగకు.

హైమవతి


అమీర్‌పేట,
6 ఫిబ్రవరి 2000, ఆదివారం

అక్కయ్యకు,

చలి తగ్గింది. పడమటి గాలి. షెడ్డు తలుపుకి కొత్త గడియ వేశాను.

బాగున్నావని తలుస్తాను. నువ్వు అడిగిన ముక్క రాశాను.

ఆకుపచ్చ రంగు పూర్తిగా పోయింది. మందు పూసి ఊడదీస్తే కింది పొర చెడుతుంది. అందుకని నీళ్ళు పోస్తూ చేత్తోనే రుద్దాను. ఫైబర్ పడవకి రంగు పైన కొట్టరు. అచ్చులో ముందు రంగు కలిపిన పొర వేసి, దాని వెనక గాజు నార, రెజిన్ అనే జిగురు ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ వస్తారు. రంగు పడవతోపాటే పుడుతుంది. ఇది మీగడ రంగు. అంచు కింద ఇటుక ఎరుపు గీత. సాయిలు పడవ తిప్పి పెట్టడానికి వచ్చి చూసి, "ఏంది సారూ, ముసల్దానికి చీర ఇప్పితె పెండ్లిపిల్ల ఎల్లింది!" అన్నాడు. మాటలు జాగ్రత్త అన్నాను. వాడు పడవకు దండం పెట్టాడు.

ఎడమ పక్క అతుకు మాత్రం పొడిగానే అరగదీయాలి. ఆ ధూళి పైకి పోయింది. పైన రెండంతస్తుల్లో కంప్యూటర్ కోచింగ్. గాజు నార ధూళి ఒంటికి తగిలితే దురద. అక్కడి మేనేజరు దిగివచ్చి, "అంకుల్, మా పిల్లలు జావా నేర్చుకుంటలేరు, గోక్కుంటున్నరు" అన్నాడు. కిటికీలు మూసుకోండి అన్నాను. ఏసీ లేదన్నాడు. అది నా తప్పు కాదన్నాను. ఇక నాకు వచ్చే ఫోన్లకు పిలవనని చెప్పి పోయాడు. నాకు ఫోన్లు రావు.

టేకు బల్ల తీసేశాను. బోల్టు చిల్లులు పూడ్చాను. బల్లను సందు చివర వజ్రమ్మ టీ బండికి ఇచ్చాను. ఆమె దగ్గర కోచింగ్ పిల్లలు నిలబడి తాగుతున్నారు.

ఇంజిన్ విప్పాను. ఒక భాగం దొరకలేదు. రాణీగంజ్‌లో పోత పోయించాను. సరిపోయింది.

ఉగాదికి ఎక్కడ దించాలనుకున్నావో రాయి. హుస్సేన్‌సాగర్ అయితే ట్రాలీ చాలు. గోదావరి అయితే లారీ మాట్లాడాలి. అడుగు భాగానికి లోపలినుంచి రెండు పొరలు అదనంగా వేశాను. చుక్క నీరు రాదు.

పదకొండో రోజు సంగతి రాశావు. దానికి జవాబు ఉంది. రాయను.

అచ్యుతరావు


కాకినాడ,
14 ఫిబ్రవరి 2000

అచ్యుతానికి,

బల్లని టీ బండికి ఇచ్చావా? అది చదివి, పిల్లలు తరగతిలో గోల చేస్తున్నా లేవలేదు.

ఎవరి బల్ల అనుకున్నావురా అది? ఎర్రమంజిల్ క్వార్టర్స్ వరండాలో ఆయన నెల రోజులు చిత్రిక పట్టాడు. పడవలో కింద కూర్చుంటే నాకు నడుము పట్టేస్తుందని. కేదార్ ఒళ్ళో ఉండగా ఆదివారం ఆదివారం దాని మీద కూర్చుని సాగర్‌లో తిరిగాం. నువ్వు ఒడ్డున నిలబడి పడవ అందం చెడిపోయిందని మొహం మాడ్చుకునేవాడివి. నేను అందులో ఉన్నానన్న సంగతి నీకు కనబడేదా?

నువ్వు చేస్తున్నది బాగుచేయడం కాదు. ఆయన చేతులు ఎక్కడెక్కడ పడ్డాయో వెతికి వెతికి అక్కడ గోకుతున్నావు. బతికుండగా మాటతో కొట్టలేకపోయావు. ఇప్పుడు గరుకు కాగితంతో తీర్చుకుంటున్నావు. ఆ బల్ల వెనక్కి తెప్పించు. కేదార్‌కి రాశాను, వాడు వస్తాడు. అజమాయిషీకి కాదు, బల్లకి.

ఇక ఎక్కడ దించాలని అడిగావు. నీళ్ళలో దించుతానని నీకెవరు చెప్పారు? ఆ పడవ పంజగుట్టలో కొత్తగా పెడుతున్న చేపల హోటలుకి వెళుతుంది. హోటలు రిషి అనే కుర్రాడిది. హాలు మధ్యలో పడవ పెట్టి, నిండా ఐసు పోసి, దాని మీద చేపలు, రొయ్యలు పరుస్తారట. పాతకాలపు పడవ, ఉన్నది ఉన్నట్టు కావాలన్నాడు. ఉగాదికి ప్రారంభం. రిషి అన్నకి సోమాజిగూడలో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. కేదార్ కోర్సు మీద కోర్సు చేసి రెండేళ్ళుగా ఆ హాస్టల్ గదిలో నలుగురితో పడుంటున్నాడు. వాడిని అందులో తీసుకుంటామన్నారు. నేను మాట ఇచ్చాను.

ఐసు కరిగిన నీళ్ళు పోవాలి గనక అడుగున రెండు రంధ్రాలు వేయాలట. నువ్వే వేస్తావో, వాళ్ళ మేస్త్రీ వచ్చి వేస్తాడో తేల్చుకో. పడవ కాగితాల్లో హనుమత్ప్రసాద్ అని మీ బావగారి పేరే ఉంది. ఇప్పుడు నాది. నీది షెడ్డు ఒక్కటే.

హైమవతి


అమీర్‌పేట,
22 ఫిబ్రవరి 2000, మంగళవారం

అక్కయ్యకు,

ఎండ ముదిరింది. ఇంజిన్ బిగించి డ్రమ్ము నీళ్ళలో పెట్టి తిప్పాను. నడిచింది. ఆ సంగతి ఇక ఎవరికీ అక్కరలేదు గనక ఇక్కడితో ఆపుతున్నాను.

నిన్న రిషి వచ్చాడు. చెప్పులతోనే పడవలోకి ఎక్కాడు. దిగమన్నాను. దిగి, "అంకుల్, ఇంజిన్‌కు గింత తిప్పల ఎందుకు? నడిచేది లేదు కద. జర షైనింగ్ కొట్టియ్యండి. కస్టమర్ వచ్చి ఐసు మీద చేప మీద ఏలు పెడ్తడు, మావోడు తీస్కపోయి ఫ్రై చేస్తడు. మస్తు ఉంటది" అన్నాడు. ఎక్కడ రంధ్రాలు కావాలో సుద్దముక్కతో గుండ్రంగా గీశాడు. వాడు పోయాక తుడిచేశాను.

నీళ్ళు లోపలికి రాకుండా నెలన్నర పనిచేశాను. నీళ్ళు బయటికి పోవడానికి రంధ్రాలు వేయమంటున్నావు. ఈ మాట జనవరిలోనే చెప్పి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. అది నీకు తెలుసు గనకే చెప్పలేదు. కార్డు మీద రాయడానికి చోటు లేకపోవడం వల్ల కాదు.

ఆయన చేతులు పడ్డ చోటల్లా గోకానన్నావు. పడవ ఎలా పుట్టిందో మద్రాసువాళ్ళు కొలతలతో గీసిన బొమ్మ నా దగ్గర ఉంది. ఆ బొమ్మలో లేనిది తీశాను. ఉన్నది ఉంచాను. అందులో ఎవరి మీదా కోపం లేదు. ఉంటే పడవ మీద చూపించను.

జవాబు రాయనన్నాను. ఇప్పుడు రాస్తున్నాను. గుమ్మం దాకా వచ్చి తిరిగి పోయినవాడివని నువ్వు నాకు ముద్ర వేసి ఊరుకున్నావు గనక.

సంచిలో చీర ఉంది. నీలం చీర. అమీర్‌పేట బజారులో కొన్నాను. ఎలాంటి చీర తేవాలో నాకు చెప్పేవాళ్ళు లేరు. నువ్వు బడికి కట్టుకునే రంగు అనుకుని తెచ్చాను. గుమ్మంలో మీ ఆడపడుచు చిలకమ్మగారు సంచిలోకి చూసి, "తెల్లది తేవాలని తెలియదా? ఎవరి పెళ్ళికి తెచ్చావు ఇది?" అంది. నలుగురూ తిరిగి చూశారు. తెల్ల చీర కొని నీ చేతికి ఇవ్వడం నా వల్ల కాదు. వెనక్కి వచ్చేశాను. బస్టాండులో మంచినీళ్ళు తాగాను. అంతే జరిగింది.

అచ్యుతరావు


కాకినాడ,
1 మార్చి 2000

అచ్యుతానికి,

చిలకమ్మ వదినని అడిగాను. అన్నానంది. తప్పేమిటంది. నేను ఆవిడని ఏమన్నానో అది మా ఇద్దరికీ తెలుసు. ఆ రోజు నుంచి ఆవిడ మా ఇంటికి పాలు కూడా పంపడం లేదు. పోనీ.

కానీ నువ్వు? గుమ్మంలో ఒక ముసలావిడ ఒక మాట అంటే ఆవిడని పక్కకి నెట్టి లోపలికి రాలేకపోయావా? నేను లోపల గది మూల కూర్చుని ఉన్నాను. గుమ్మానికి ఎదురుగానే. తలుపు రెక్క కొంచెం తీస్తే కనబడేదాన్ని. ఆయన తోముకునే ఇత్తడి చెంబు నుంచి నీ షెడ్డులో మేకు దాకా అన్నీ నీకు కనబడతాయి. మనుషులే కనబడరు. ఐదు నెలలుగా నిన్ను తిట్టుకుంటున్నాను. ఆ తిట్లు వెనక్కి తీసుకోను. దానికి కాకపోతే ఇంకోదానికి సరిపోతాయి.

నీలం చీర ఏం చేశావో రాయలేదు. రాయకు.

పడవ సంగతి దీనికీ దానికీ కలపకు. రిషి మనుషుల బండి ఏప్రిల్ మూడున సాయంత్రం వస్తుంది. రంధ్రాలు వేసి ఉంచు. నీకు మనసొప్పకపోతే ముందే చెప్పు, వాళ్ళ మేస్త్రీ సుత్తీ ఉలీ పట్టుకుని వస్తాడట. కేదార్ భవిష్యత్తు కన్నా నీ బొమ్మలో ఉన్న పడవ ఎక్కువ కాదు నాకు. ఆయన పోయాక వాడిని ఒక దారిన పెట్టే బాధ్యత నాది. నువ్వు పంచుకుంటావని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఇన్‌స్పెక్షన్ బాగా జరిగింది. అడగవు గనక చెబుతున్నాను.

హైమవతి


అమీర్‌పేట,
26 మార్చి 2000, ఆదివారం

అక్కయ్యకు,

తెల్లవారి కొద్దిగా చినుకులు పడి ఆగాయి. పడవను సాయిలు ట్రాలీ మీదికి ఎక్కించి, సాగర్‌కు తీసుకువెళ్ళి, మధ్యాహ్నం లోపల మళ్ళీ షెడ్డులో పెట్టాను. నీకు చెప్పకుండా చేశాను. రంధ్రాలు వేసే లోపల ఒకసారి నీళ్ళలో చూడాలి. అచ్చులో పోసిన పడవ తేలుతుందో లేదో తేలాకే తెలుస్తుంది.

కేదార్ వచ్చాడు. నేను పిలవలేదు. బల్ల కోసం వజ్రమ్మ దగ్గరికి వెళ్ళి, అక్కడినుంచి వచ్చాడు. వజ్రమ్మ బల్ల ఇవ్వనందట. "గది సారు ఇచ్చిండు నాకు. దాని మీద కూసొని చాయ్ తాగినోళ్ళు ఎంతమందో ఇంజినీర్లయిండ్రు. నువ్వే కాలేదు బిడ్డా, ఇంకొన్ని దినాలు కూసో" అందట. వాడు రెండు నెలలుగా రోజూ సాయంత్రం ఆ బల్ల మీదే కూర్చుంటున్నాడు. అది వాళ్ళ నాన్న బల్ల అని తెలియదన్నాడు. చెప్పి నవ్వాడు. కాసేపటికి నవ్వడం ఆపాడు. ఇంకో బల్ల చేసి ఆమెకిచ్చి దాన్ని వెనక్కి తెస్తానని చెప్పాను. టేకు కొన్నాను.

పార్కు వైపు ఒడ్డున దించాము. కాపలా మనిషి ఈల వేసుకుంటూ వచ్చాడు. "ఓ పెద్దమనిషీ, గీడ బోటు దించొద్దు!" అన్నాడు. నేను జవాబు ఆలోచిస్తున్నాను. సాయిలు ముందుకు పోయి, "టెస్టింగ్ భాయ్, టెస్టింగ్. జర పక్కకు జరుగు, నీ మీదికి నీళ్ళు ఎగురుతయ్. సారు మద్రాసు నుంచి ఒచ్చిండు" అన్నాడు. అతను జరిగాడు. నేను మద్రాసు ఎప్పుడూ వెళ్ళలేదు.

పడవ తేలింది. చుక్క నీరు రాలేదు. నీళ్ళలో దాని రంగు షెడ్డులో కనబడినట్టు లేదు. అది ఎలా ఉందో రాయడం నాకు రాదు.

ఇక రాయవలసింది ఒకటి ఉంది. బొమ్మలో ఉన్న స్టీరింగ్ చిన్నది. బావగారు అది తీసేసి లారీ స్టీరింగ్ పెట్టారు. నేను దాన్ని పీకి, బొమ్మ చూసి అదే కొలతకి చిన్నది చేసి బిగించాను. పనితనం బాగానే వచ్చింది. కేదార్ చేతికి ఇచ్చాను. నడుపుతానని వాడే అడిగాడు. మొదటి మలుపులో చక్రం వాడి చేతిలోంచి జారి తిరిగిపోయింది. పడవ ఒక పక్కకు వాలి, వాడు నీళ్ళలో పడబోయాడు. చొక్కా పట్టుకుని లాగాను. చిన్న చక్రానికి పట్టు లేదు. ఇంజిన్ బలానికి మనిషి చేయి చాలదు. మద్రాసువాళ్ళు ఆ సంగతి చూసుకోలేదు. చూసుకునే లోపల షెడ్డు మూసుకున్నారు.

ఒడ్డుకు తెచ్చి, ట్రాలీలో ఉన్న లారీ స్టీరింగ్ మళ్ళీ బిగించాను. రెండోసారి కేదార్ సాగర్ అంతా తిప్పాడు. ఒక చేత్తో తిప్పాడు. ఆ స్టీరింగ్ ఉన్న చోటు కూడా కొంచెం వెనక్కి జరిపి ఉంది. అది ఎందుకో ఇంతకాలం నాకు అర్థం కాలేదు. కూర్చున్నవాడి మోకాళ్ళకు తగలకుండా. సరిగ్గా చేశారు. నేను చేసినా అంత సరిగ్గా కుదరదు.

అందుకని అది ఉంచేశాను. ఆ మేరకు పడవ మొదట ఉన్నట్టు లేదు. రిషికి చెప్పు. వాళ్ళకు కావలసింది తళతళే గనక పట్టించుకోరు.

రంధ్రాలు మూడో తేదీ పొద్దున నేనే వేస్తాను. సుత్తీ ఉలీ పెట్టనివ్వను.

అచ్యుతరావు


కాకినాడ,
30 మార్చి 2000

అచ్యుతం,

స్పీడు పోస్టులో పంపుతున్నాను. ముందు ఇది చదువు, తరువాత మిగతాది. రంధ్రాలు వేయకు. పడవ హోటలుకి వెళ్ళడం లేదు.

పైన కోచింగ్‌వాళ్ళ నంబరు కేదార్ ఎప్పుడో ఇచ్చాడు. ఫోన్ చేశాను. నీ పేరు చెప్పగానే, "ఆ దురద అంకులా?" అని పెట్టేశాడు. మళ్ళీ చేశాను. మళ్ళీ పెట్టేశాడు. ఎంత మంచి పేరు సంపాదించావురా ఆ వీధిలో! కేదార్‌తో చెప్పిద్దామంటే వాడు ఇంటర్వ్యూకని బెంగళూరు రైలెక్కాడు. మంగళవారం గానీ రాడు. వెళ్ళే ముందు ఫోన్ చేసి, "అమ్మా, ఆ కంపెనీలో చేరను, పడవ అమ్మకు" అన్నాడు. ఎందుకురా అంటే, "నాన్న పెట్టిన స్టీరింగ్ పట్టుకున్నాను" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. వాడికి నీ పోలిక వచ్చింది, ఖర్మ.

రిషికి నేనే చెప్పాను. వాడి గొంతు వెంటనే మారింది. కేదార్ ఉద్యోగం సంగతి ఎత్తాడు. మీ అన్న కంపెనీలో మీ అన్నే పనిచేసుకుంటాడులే అన్నాను. కుర్రాడి బతుకు చెడగొట్టానో బాగుచేశానో నాకు తెలియదు. నిద్ర పట్టడం లేదు. దానికి కూడా నువ్వే కారణం.

నీ ఉత్తరం స్టాఫ్‌రూములో చదివాను. "సరిగ్గా చేశారు" అని రాశావు. ఇరవై ఏళ్ళలో ఆయన చేసిన పని ఒక్కటి బాగుందని నువ్వనడం ఇదే మొదటిసారి. ఎవరికి రాశావు? నాకు. నేనేం చేసుకోను దాన్ని? ఆయన ఆదివారాలు పడవ కడిగి వచ్చి, "మీ తమ్ముడేమైనా అన్నాడా?" అని అడిగేవాడు. ఏమనలేదండీ అనేదాన్ని. అలాగా అని స్నానానికి వెళ్ళేవాడు. అంత చదువుకున్నవాడు, ఒక ట్యాంకు మూతలవాడు మెచ్చుకుంటాడేమో అని చూశాడు. గర్వంకొద్దీ నిన్ను అడగలేదు. నువ్వు గర్వంకొద్దీ చెప్పలేదు. మధ్యలో నేను ఇద్దరికీ కాఫీలిచ్చాను.

వేసవి సెలవులకి వస్తున్నాను. నన్ను పడవ ఎక్కించు. బల్ల ఉండాలి. నాకు నడుము నొప్పి ఇంకా ఉంది. తిప్పినంతసేపూ నోరు మూసుకుని కూర్చో, ఇది మొదట ఇలా లేదు అలా ఉండేది అన్నావంటే నిన్ను సాగర్‌లోకి తోసేస్తాను.

ఆ నీలం చీర ఉంటే ఇస్త్రీ చేయించు.

అక్క


అమీర్‌పేట,
3 ఏప్రిల్ 2000, సోమవారం

అక్కయ్యకు,

ఉక్క. గాలి లేదు. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి రెండు రంధ్రాలు వేశాను.

గుండ్రటి రంపపు బిళ్ళ డ్రిల్లుకి తగిలించి, బయటినుంచి సగం, లోపలినుంచి సగం కోశాను. అలా అయితే అంచు చిట్లదు. తొందర పడలేదు. కోసిన ముక్కలు రెండూ రూపాయి బిళ్ళల్లా ఊడివచ్చాయి. అంచు చూస్తే పొరలన్నీ కనబడతాయి, మీగడ రంగు పొర, దాని వెనక మద్రాసువాళ్ళు వేసినవి, వాటి వెనక నేను వేసినవి. పనిలో లోపం లేదు. రంపం కడిగి, నూనె రాసి గూట్లో పెట్టాను. ధూళి ఊడ్చాను. పడవను దుప్పట్లతో కప్పాను, బండి వస్తే గీతలు పడకుండా. సాయిలును తాడు తెమ్మన్నాను.

ఇంతవరకు రాసి, కవరు మీద నీ చిరునామా రాస్తుండగా పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. నీ స్పీడు పోస్టు. శనివారమే వచ్చిందట. షెడ్డుకు తాళం ఉందని పైన కోచింగ్‌లో ఇవ్వబోతే వాళ్ళు తీసుకోలేదట. శనివారం నేను కొత్త బల్ల కోసం చెక్క కోయించడానికి వెళ్ళాను. ఆదివారం సెలవు.

చదివాను. నిలబడే చదివాను.

నీకు చేతనైనదాంట్లో ఇది అన్నిటికన్నా గట్టి దెబ్బ. నువ్వు వేయమన్నావు గనక వేశాను. రిషి మేస్త్రీ అయితే పదిన్నరకు గానీ లేవడు. పదింటికి నీ ఉత్తరం వచ్చేది, పడవ బాగుండేది. నేను ఒప్పుకున్న పని ఒప్పుకున్న రోజు పొద్దున్నే చేసే మనిషిని అని నీకు తెలుసు. తెలిసి కూడా ముప్పయ్యో తేదీ దాకా ఆగావు. పైన మేనేజరు పెట్టేస్తే వజ్రమ్మ పక్కన ఎస్టీడీ బూత్ ఉంది. దానికి చేయవచ్చు. నీకు నా వీధి తెలియదు. ఒక్కసారి కూడా రాలేదు.

సాయిలు తాడు తెచ్చి, నా మొహం చూసి, "ఏమైంది సారూ, ఎవరన్న పోయిండ్రా?" అన్నాడు. ఎవరూ పోలేదు, బండి రాదన్నాను. "రాకపోతె మంచిదే కద, ఫికర్ ఎందుకు?" అన్నాడు. దుప్పటి ఎత్తి చూపించాను. వంగి, ఒక రంధ్రంలోంచి కింద నేల చూశాడు. "గిదేం పని సారూ" అన్నాడు. తాడు చుట్ట చుట్టుకుని గోడ వారగా కూర్చున్నాడు. పొమ్మన్నా పోలేదు.

బావగారు నా గురించి అడిగేవారని రాశావు. దానికి నేను ఏమి రాయాలో తెలియదు. ఆ సంగతి తరువాత రాస్తాను.

పడవ ఇక మొదట ఉన్నట్టు ఎప్పటికీ ఉండదు. ఎంత బాగా పూడ్చినా ఎండలో పక్కనుంచి చూస్తే రెండు గుండ్రాలు తెలుస్తాయి. నువ్వు ఎక్కినప్పుడు నీ కాళ్ళ దగ్గరే ఉంటాయి. చూపించి మాట అనకు. కోసిన బిళ్ళలు పారేయలేదు, కిటికీలో ఉన్నాయి. వాటినే మళ్ళీ వాటి చోట్లో కూర్చోబెట్టి, లోపలివైపు చుట్టూ పల్లంగా అరగదీసి, చిన్న ముక్క నుంచి పెద్ద ముక్క దాకా గాజు నార పొరలు వేస్తే నీరు రాదు. బిళ్ళ అటూ ఇటూ కాకుండా మొదట ఉన్న వైపే తిప్పి పెట్టాలి. గుర్తు పెట్టుకోలేదు. అంచుల్లో నార పోగులు చూసి పోల్చాలి, కళ్ళజోడు తెచ్చుకున్నాను. మే మొదటివారం లోపల ఎండుతుంది. బల్ల ఆ తరువాత బిగిస్తాను. ఏ రైలుకు వస్తావో రాయి, స్టేషనుకు

రెజిన్‌లో మందు ఇప్పుడే కలిపాను. కలిపాక ఎక్కువసేపు ఆగదు, గిన్నెలోనే గట్టిపడుతుంది. సాయిలు బిళ్ళ పట్టుకుని పిలుస్తున్నాడు. చీర ఉంది. ఇస్త్రీకి